కర్రకు ముందు ఆరు అంగలు



మన ఖరగ్‌పూర్ పట్టాల మీద పుట్టిన ఊరు. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖపట్నం వైపుల నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన మన పెద్దలకు తెలిసిన పరుగు ఇంజను పరుగే. అలాంటి ఊళ్లో గుర్రపుస్వారీ గురించి, అందులోనూ దూకడానికి జంకే గుర్రాన్ని ఎలా దారికి తేవాలన్న విషయం గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ విద్య మనకు అంత దూరంలో లేదు. ఇక్కడ రైలెక్కితే రెండున్నర గంటల్లో చేరే కలకత్తాలో పెరిగిన అనుష్ అగర్వాల్లా, 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మరో ముగ్గురితో కలిసి డ్రెస్సాజ్‌లో, అంటే చదునునేల మీద గుర్రం నడకల పోటీలో, జట్టు స్వర్ణం తెచ్చాడు. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత, 41 ఏళ్లకు గుర్రపుస్వారీలో దేశానికి దక్కిన స్వర్ణమది. సివిల్స్ రాసి ఐపీఎస్‌కు ఎంపికైన మన పిల్లలు ఎవరైనా సరే హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీలో జీనెక్కవలసిందే. తిరుపతి, హైదరాబాద్ పశువైద్య కళాశాలల విద్యార్థులు ఎన్‌సీసీ రిమౌంట్ (గుర్రాల) విభాగాల్లో స్వారీ నేర్చుకుంటున్నారు. కనుక ఈ మాటలు పనికొచ్చే ఇల్లు ఈ రైల్వే క్వార్టర్లలో ఎక్కడో ఒకటి ఉండకపోదు.

స్వారీ నేర్పే ప్రతిచోటా సాగే వాదన ఒకటుంది. ఒక గుర్రం చదునునేల మీద బుద్ధిగానే నడుస్తుంది, ట్రాట్ (చిన్న పరుగు) చేస్తుంది, కాంటర్ (అంతకంటే వేగమైన పరుగు) చేస్తుంది. మైదానంలో అడ్డంగా ఒక కర్ర నిలిపి దాని మీదుగా దూకమంటే మాత్రం దగ్గరిదాకా వచ్చి ఆగిపోతుంది, లేదా భుజం పక్కకు వాల్చి తప్పుకుంటుంది. మరో గుర్రం రెండు కర్రలు దూకి మూడోదాని ముందు కాళ్లు బిగదీస్తుంది. దీనికి మందు ఏమిటి? ఆ కర్ర మీదుగానే పదేపదే దూకించండి, జంకు అరిగిపోతుంది అంటారు కొందరు. దూకించడం పూర్తిగా ఆపేసి నెలల తరబడి ఫ్లాట్‌వర్క్ చేయించండి అంటారు మరికొందరు. ఫ్లాట్‌వర్క్ అంటే అడ్డుకర్రలు లేని నేల మీద చేయించే సాధన: వలయాలు తిప్పడం, మలుపులు, వేగం పెంచి తగ్గించడం, తిన్నగా నడిపించడం, ఆపడం. ఈ రెండు సలహాల్లోనూ ఒకే లోపం ఉందని నేననుకుంటాను. రెండూ ఫ్లాట్‌వర్క్‌నూ జంపింగ్‌నూ వేరువేరు పద్దుల్లో రాస్తున్నాయి. కర్ర దగ్గర గుర్రం చూపించే జంకు చాలావరకు కర్రకు ముందు నేల మీద జరిగినదాని ఫలితం. అందుకే శిక్షణలో పెద్దపాలు చదునునేలకే దక్కాలి. అయితే ఆ చదునునేల పనిలో ప్రతి భాగమూ రేపటి కర్ర కోసమే జరగాలి, కర్ర కూడా చిన్నదిగానైనా వారం వారం గుర్రం కళ్ల ముందు ఉండాలి.

ఒక మామూలు షో జంపింగ్ పోటీని లెక్కవేసి చూద్దాం. 12 అడ్డుకర్రలు, దారి పొడవు 450 మీటర్లు, వేగం నిమిషానికి 350 మీటర్లు అనుకుందాం. మొత్తం పరుగు 77 సెకన్లలో ముగుస్తుంది. మీటరు ఎత్తు కర్ర దగ్గర గుర్రం నేల విడిచిన చోటు నుంచి మళ్లీ నేల తాకిన చోటుకు దాదాపు 3.6 మీటర్ల దూరముంటుంది. 12 దూకుళ్లకూ కలిపి 43 మీటర్లు. మిగిలిన 400 మీటర్ల పైచిలుకు గుర్రం నేల మీదే ఉంది. చూసేవాళ్ల కళ్లు గాల్లోకి లేచిన గుర్రం మీద నిలుస్తాయి గానీ పోటీలో పది వంతుల్లో తొమ్మిది వంతులు చదునునేల మీద కాంటరే. ఇంకా దగ్గరికి వెళ్తే, కాంటర్‌లో ఒక్కో అంగ కూడా సుమారు 3.6 మీటర్లే. కర్రకు ముందున్న చివరి ఆరు అంగలు 22 మీటర్ల దూరం, నాలుగు సెకన్ల లోపు సమయం. దూకాలా ఆగాలా అన్నది తేలేది ఆ నాలుగు సెకన్లలోనే. అప్పుడు లయ తప్పితే, అంగ ఒకసారి పొడవుగా ఒకసారి పొట్టిగా పడితే, గుర్రం కర్ర మొదట్లోకి వచ్చి ఇరుక్కుంటుంది, లేకపోతే మరీ దూరం నుంచి లేవాల్సి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఆగిపోవడమే దానికి తెలివైన పని.

శరీరం వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. నిలబడి ఉన్న గుర్రం బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. దూకాలంటే వెనక కాళ్లు పొట్ట కిందికి చొచ్చుకువచ్చి ఆ బరువును అందుకోవాలి, భుజాలు తేలిక కావాలి. తల విదిలిస్తూ, ఒకవైపు ఒరిగి, ముందుకాళ్ల మీద పడుతూ వచ్చే గుర్రానికి ఆ అవకాశం లేదు. తిన్నగా రాని గుర్రానికి రెండు వెనక కాళ్లూ సమానంగా తోయవు. ఏ భుజం బయటికి జారిందో ఆ వైపే తప్పుకుపోతుంది. వలయం మీద కుడికీ ఎడమకూ ఒకే తీరుగా వంగగలగడం, కాంటర్ నుంచి ట్రాట్‌కు దిగేటప్పుడు చేతి మీద వాలకుండా వెనక కాళ్ల మీద దిగడం, కాలి ఒత్తిడికి వెంటనే ముందుకు సాగడం, ఇవన్నీ కర్ర దగ్గర నేర్పే విద్యలు కావు, అక్కడ నేర్పడానికి సమయమూ ఉండదు. మన రైల్వేవాళ్లకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. నడుస్తున్న గూడ్సులో యాక్సిల్ బాక్సు వేడెక్కి పొగ కనిపించేది ఏదో ఒక స్టేషన్ దగ్గర. బేరింగు పాడవడం మొదలైంది ఎంతో దూరం వెనక. పొగ కనిపించిన స్టేషన్‌లోనే లోపం పుట్టిందని ఏ మెకానిక్కూ అనుకోడు.

గుర్రం కన్ను గురించి తెలిసిన విషయాలు ఈ వాదనకు మరింత బలం ఇస్తాయి. గుర్రానికి కళ్లు తల పక్కల ఉంటాయి. చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ నుదుటికి సరిగ్గా ఎదురుగా, ముక్కు కింద కొంత మేర కనిపించదు. కర్ర దగ్గరయ్యేకొద్దీ అది ఆ కనిపించని చోట్లోకి జారిపోతుంది. చివరి క్షణంలో గుర్రం తాను ముందే చూసి అంచనా కట్టినదాన్ని నమ్మి లేస్తుంది. ఆ అంచనా సరిగ్గా ఉండాలంటే దూరం నుంచి కర్రను చూడటానికి తల కదిపే స్వేచ్ఛ ఉండాలి, చూసిన తర్వాత లయ మారకూడదు. పగ్గాలు బిగించి మెడను బంధించిన రౌతు గుర్రాన్ని సగం గుడ్డిదాన్ని చేసి దూకమంటున్నాడు. రంగుల విషయమూ ఉంది. గుర్రాలకు నీలం, పసుపు తేడా తెలుస్తుంది గానీ ఎరుపు, నారింజ రంగులు ఆకుపచ్చ నుంచి విడిగా సరిగా కనిపించవు. బ్రిటన్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పందెపు అడ్డంకుల మీద నారింజ రంగు గుర్రాలకు స్పష్టంగా కనిపించడం లేదని తేల్చాకే, 2022లో అక్కడివాళ్లు వాటిని తెల్లరంగుకు మార్చే పని చేపట్టారు. మనిషి కంటికి కొట్టొచ్చినట్లు కనిపించే ఎర్రకర్ర పచ్చగడ్డి మీద గుర్రానికి మసకగా ఉండవచ్చు. దాని ముందు ఆగిన గుర్రానికి పొగరు అంటగట్టడం అన్యాయం.

అన్యాయం అన్నాను కాబట్టి ఒక మాట గట్టిగానే చెప్పాలి. ఫ్లాట్‌వర్క్ ఎంత, జంపింగ్ ఎంత అన్న ప్రశ్నకు ముందు అడగవలసింది, గుర్రానికి ఎక్కడైనా నొప్పి ఉందా అని. బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్, ఆమె సహపరిశోధకులు రౌతును మోస్తున్న గుర్రంలో గమనించవలసిన 24 ప్రవర్తనల పట్టిక తయారుచేశారు. చెవులు వెనక్కి వాల్చడం, తోక విసరడం, నోరు తెరవడం, తల ఒకవైపు వంచడం, ముందుకు సాగడానికి ఇష్టపడకపోవడం వంటివి అందులో ఉన్నాయి. వాటిలో 8 లేదా అంతకు మించి కనిపిస్తే ఎముకల, కండరాల నొప్పి ఉండే అవకాశం చాలా ఎక్కువ అని వాళ్ల పరిశీలన. మన దేశంలో స్వారీ క్లబ్బుల గుర్రాలు ఎక్కువగా పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ జాతివి. కలకత్తాలోనైనా, హైదరాబాద్ మలక్‌పేటలోనైనా పరుగెత్తినన్నాళ్లూ వాటికి నేర్పింది ఒకటే: వేగం. రెండేళ్ల వయసు నుంచే పరుగెత్తిన కాళ్లు, శిక్షణలో ఉన్న పందెపు గుర్రాల్లో తరచుగా కనిపించే కడుపుపుండ్లు, వేరే గుర్రానికి కుట్టిన జీను వీపు మీద వేస్తే తగిలే ఒరుపు, అరిగిన లాడం, పదునెక్కిన దవడపళ్లకు కళ్లెం తగిలే బాధ. వీటిలో ఏదున్నా కర్ర దగ్గరే బయటపడుతుంది, ఎందుకంటే నేలకు దిగేటప్పుడు గుర్రం మొత్తం బరువును మించిన బలం ఒక్క ముందుకాలి మీద పడుతుంది. పశువైద్యుడూ లాడం వేసేవాడూ చూడకముందే శిక్షణ ప్రణాళిక వేయడం, రోగం తెలియకుండా పథ్యం రాయడమే.

నొప్పి లేదని తేలాక మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ విషయంలో మన దేశానికి చాలా పాత సాక్ష్యం ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో అశ్వాధ్యక్షుడి అధ్యాయం సవారీ గుర్రం నేర్వవలసిన గతులను ఐదుగా చెబుతుంది: వలయాకారంగా తిరిగే వల్గనం, నెమ్మదిగా సాగే నీచైర్గతం, దూకే లంఘనం, పరుగెత్తే ధోరణం, సంజ్ఞకు స్పందించే నారోష్ట్రం. దూకడంలోనే కోతి గంతు, కప్ప గంతు, జింక గంతు వంటి ఏడు రకాలు చెప్పాడు. జాబితాలో ముందు వచ్చినదే ముందు నేర్పారని పట్టుబట్టను. నన్ను ఆకర్షించేది వేరు. దూకడాన్ని ప్రత్యేక విద్యగా పక్కన పెట్టకుండా, వలయానికీ నెమ్మదినడకకూ ఒకవైపు, పరుగుకూ సంజ్ఞకూ మరోవైపు, వాటి నడుమ ఒక గతిగా లెక్కించారు. యుద్ధానికి వెళ్లే గుర్రం కందకం ముందు ఆగితే రౌతు ప్రాణం పోతుంది. అంత అవసరం ఉన్నచోట కూడా దూకడం ఒక్కటే నేర్పితే చాలని వాళ్లు అనుకోలేదు.

దీనికి గట్టి అభ్యంతరం ఇటలీ నుంచి రావచ్చు. ఫెడెరికో కాప్రిల్లి అనే అశ్వికదళ అధికారి, 1868లో పుట్టి 1907లో పోయినవాడు, దూకేటప్పుడు కూర్చునే తీరును ప్రపంచమంతటా మార్చేశాడు. అంతకుముందు రౌతులు కర్ర మీదుగా వెళ్తూ వెనక్కి వాలేవారు, పగ్గాలు గుంజేవారు, గుర్రం నోటికి దెబ్బ తగిలేది. కాప్రిల్లి రౌతును ముందుకు వంగమన్నాడు, మెడకు వదులు ఇమ్మన్నాడు, రైడింగ్ స్కూలు గోడల మధ్య మెడ బిగించి చేయించే పనిని తోసిపుచ్చి గుర్రాన్ని ఎగుడుదిగుడు నేలల మీదికి తీసుకుపోయాడు. అంటే దూకే గుర్రానికి ఫ్లాట్‌వర్క్ చెరుపే కదా అని అడగవచ్చు. కానీ ఆయన తోసిపుచ్చినది బలవంతపు బిగింపును. గుర్రం తన సొంత సమతూకంలో, నిలకడైన లయలో, రౌతు చేతి అడ్డు లేకుండా నడవడం నేర్చుకోవాలన్నదే ఆయన పట్టుదల, అందుకు నిదానంగా, తక్కువ ఎత్తుల మీద సాగే సాధననే నమ్ముకున్నాడు. దాన్ని నేను ఫ్లాట్‌వర్క్ అనే అంటాను. ముక్కు ఛాతీకి ఆనేలా పగ్గాలు బిగించి గంటసేపు గుండ్రంగా తిప్పడం మాత్రం ఫ్లాట్‌వర్క్ కాదు, జంకే గుర్రానికి అది అదనపు శిక్ష. ఈ విషయంలో కాప్రిల్లి పక్షమే నాది.

రెండో అభ్యంతరానికి మన దేశపు ఉదాహరణే ఉంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ఫవాద్ మీర్జా సెన్యోర్ మెడికాట్ అనే గుర్రం మీద ఈవెంటింగ్‌లో పోటీపడ్డాడు. ఈవెంటింగ్‌లో డ్రెస్సాజ్, క్రాస్‌కంట్రీ (బయలు నేలల్లో అడ్డంకుల పరుగు), షో జంపింగ్ మూడూ ఒకే గుర్రం చేయాలి, తప్పుల పాయింట్లు ఎంత తక్కువైతే అంత మేలు. డ్రెస్సాజ్‌లో 22.40తో ఆధిక్యంలో నిలిచాడు. క్రాస్‌కంట్రీలో ఒక్క పాయింటూ చేరలేదు. చివరి జంపింగ్‌లో ఒక్క కర్ర పడింది, నాలుగు పాయింట్లు చేరి 26.40 అయింది. జపాన్ రౌతు యోషియాకి ఒయివా 22.70తో స్వర్ణం తీసుకున్నాడు, మనకు రజతం దక్కింది. చదునునేల మీద అంత మేటి గుర్రం కూడా కర్ర పడగొట్టింది కదా, మరి ఫ్లాట్‌వర్క్ గొప్ప ఏముంది అనవచ్చు. నా వాదనను సరిదిద్దే మంచి ఉదాహరణ ఇది. ఫ్లాట్‌వర్క్ జంపింగ్‌కు బదులు కాదు. దూకడంలో దానికంటూ వేరే నేర్పు ఉంది: కాలు ఎంత ముడవాలి, వీపు ఎలా గుండ్రంగా వంచాలి, అలసినప్పుడు కూడా ఎంత ఎత్తు లేవాలి. అది దూకితేనే వస్తుంది. కానీ ఆ గుర్రం ఆగలేదన్నది గమనించండి. కర్ర తగలడం వేరు, కర్ర ముందు ఆగిపోవడం వేరు. తగలడాన్ని జంపింగ్ సాధనతో సరిచేస్తారు. ఆగడానికి మూలం ఎక్కువగా ఆ ఆరు అంగల్లో ఉంటుంది. నెలల తరబడి కర్ర చూపించకుండా తిప్పేవాళ్ల మందు ఎందుకు పనిచేయదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎంత చక్కటి కాంటర్ వచ్చినా, కర్ర మళ్లీ కనబడేసరికి గుర్రానికి గుర్తుండేది పాత భయమే, ఎందుకంటే దాని స్థానంలో కొత్త అనుభవం ఏదీ చేరలేదు.

మన తెలుగువాళ్లకు బాగా దగ్గరైన సందర్భం శిక్షణ అకాడమీలది. 1948లో మౌంట్ ఆబూలో మొదలై 1975లో హైదరాబాద్‌కు తరలివచ్చిన పోలీసు అకాడమీలో ఏటా కొత్త ఐపీఎస్ అధికారులు స్వారీ నేర్చుకుంటారు. వారిలో చాలామంది అంతకుముందు గుర్రాన్ని తాకి కూడా ఉండరు. ఇలాంటి చోట్ల, క్లబ్బుల్లోనైనా ఎన్‌సీసీలోనైనా, ఒకే గుర్రం మీదికి ఏటా కొత్త చేతులు వస్తాయి. కర్ర మీద సమతూకం తప్పిన కొత్తవాడు పడిపోకుండా పగ్గాలు పట్టుకుని వేలాడతాడు, గుర్రం నోట్లో ఇనుము గుంజుతుంది, జీనులో దబ్బున కూలబడతాడు, వీపు నొస్తుంది. దూకినందుకు నొప్పి బహుమానంగా దొరుకుతుందని గుర్రం నేర్చుకుంటుంది. ఇది గుర్రం తెలివికి నిదర్శనం. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత ఇలాంటి చోట అక్షరాలా నిజం. కనుక ఇక్కడ ఫ్లాట్‌వర్క్ సగం రౌతుకే. పగ్గాల ఆసరా లేకుండా ట్రాట్‌లో, కాంటర్‌లో కుదురుగా కూర్చోగలిగేదాకా కొత్తవాడిని కర్ర వైపు పంపకూడదు, పంపిన రోజున మెడకు కట్టిన పట్టీ పట్టుకోనివ్వాలి. అప్పటికే చెడిన గుర్రాన్ని కొంతకాలం అనుభవం ఉన్న రౌతుకు అప్పగించాలి, కొన్నాళ్లు రౌతు లేకుండా పొడవాటి తాడు మీద తిప్పుతూ చిన్న కర్రలు దాటించాలి. ఇన్ని గుర్రాలు, ఇంత సమయం ఎక్కడివని శిక్షకులు అడిగితే అది న్యాయమైన ఇబ్బందే. కానీ చెడిన గుర్రంతో ప్రతి బ్యాచ్‌లోనూ పోయే సమయం అంతకంటే ఎక్కువ, పడేవాళ్ల ఎముకల సంగతి వేరే.

ఇక వారం ఎలా ఉండాలి? జంకే గుర్రానికి నేను మొగ్గు చూపే పద్ధతిలో పని దినాలు ఐదైతే వాటిలో ఎక్కువ చదునునేల మీదే గడవాలి. అసలు జంపింగ్ అనదగ్గది వారానికి ఒక్కసారి, మహా అయితే రెండుసార్లు. కానీ చదునునేల మీద కూడా నేల మీద పరిచిన కర్రలు ఎప్పుడూ ఉండాలి. ట్రాట్‌కు వాటి మధ్య దూరం సుమారు 1.3 మీటర్లు, గుర్రం అంగను బట్టి కొంచెం అటూ ఇటూ. మొదట ఒకటి, తర్వాత మూడు, తర్వాత కొంచెం ఎత్తున నిలిపినవి. ఇక్కడ ఫ్లాట్‌వర్క్ ఎక్కడ ముగిసింది, జంపింగ్ ఎక్కడ మొదలైంది అన్నది గుర్రానికి తెలియకూడదు. వలయం మీద నిలకడగా వచ్చినప్పుడే కర్రల వైపు మళ్లించాలి. లయ చెదిరితే మళ్లీ వలయంలోకి తీసుకోవాలి, తిట్టకుండా, కొట్టకుండా, కర్రను శిక్షగా మార్చకుండా. జంపింగ్ రోజున మొదటి దూకుడు మోకాలి ఎత్తులోపు ఇంటూ ఆకారపు కర్రలతో ట్రాట్ నుంచి. ఆ తర్వాత కాంటర్‌లో ఒక అంగ పట్టేంత దూరం విడిచి రెండో కర్ర. దూరం సరిగ్గా అమర్చినప్పుడు లయను రౌతు కాక కర్రలే నేర్పుతాయి, రౌతు చేతులు ఊరుకోవచ్చు. చక్కగా రెండు మూడుసార్లు దూకాక ఆపేయాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. బాగా దూకింది కదా, ఇంకొకటి చూద్దాం అని ఎత్తు పెంచుతారు, అలసిన గుర్రం ఆగుతుంది, ఆ రోజు పాఠం ఆగడంతో ముగుస్తుంది. ఒత్తిడి తొలగిన క్షణంలో తాను ఏం చేస్తున్నదో దాన్నే గుర్రం నేర్చుకుంటుంది. అందుకే పని ఎక్కడ ఆపామన్నది ఎంత చేయించామన్నదానికంటే ముఖ్యం.

ఇంత మెతకగా ఉంటే గుర్రం నెత్తికెక్కుతుందన్నది అన్నిటికంటే పాత అభ్యంతరం. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ల మీద నడుస్తుందని మన పెద్దలే అన్నారు. అందులో నిజం ఉంది, దాన్ని నేను కాదనను. ఆగిన గుర్రాన్ని వెనక్కి తిప్పి, ఆ రోజుకు జీను విప్పి, మేత పెట్టి పంపిస్తే మర్నాడు మరింత త్వరగా ఆగుతుంది. ఆగితే పని తప్పుతుందని దానికి మనమే నేర్పినట్టు. కానీ మెతకదనానికి విరుగుడు కొరడా కావాలని లేదు. ఆగిన చోటే కర్రను సగానికి దించి, నేల మీదికైనా దించి, తిన్నగా, అదే లయలో దాని మీదుగా తీసుకుపోవాలి. గుర్రం దాటాలన్నది మారలేదు, దాటవలసినది మాత్రం దానికి చేతనైనంత చిన్నదయింది. గట్టిదనం దిశలో ఉండాలి. ఎత్తులో ఉండనక్కర్లేదు. అదే ఎత్తు దగ్గర నాలుగుసార్లు బలవంతం చేసి అయిదోసారి దూకించిన రౌతు గెలిచానని అనుకుంటాడు గానీ, గుర్రం లెక్కలో నాలుగుసార్లు ఆగడమే సాధన అయింది.

చదునునేల పని విసుగు పుట్టిస్తుందనే మాట కూడా వింటాం. దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. ఒకే చతురస్రంలో, ఒకే వేళకు, ఒకే మలుపులతో తిప్పితే చురుకైన గుర్రం మొద్దుబారుతుంది, కాలి ఒత్తిడికి స్పందించడం మానుతుంది, ఆ మొద్దుతనమే కర్ర ముందు జంకుగా కనిపిస్తుంది. వారంలో ఒక రోజైనా మైదానం దాటి బయటికి, ఎత్తుపల్లాల మీదికి, చెట్ల మధ్యకు నడిపించుకు పోవాలి. వాలు ఎక్కడమే వెనక కాళ్లకు మంచి కసరత్తు. అయితే ఏ నేల మీద దూకిస్తున్నామో చూసుకోవాలి. మన పశ్చిమ మేదినీపూర్ నేల ఎర్ర మొరం నేల. ఎండాకాలం రాయిలా గట్టిపడుతుంది, వానాకాలం పైపొర జారుతుంది. ఇలాంటి నేల మీద నడక, ట్రాట్ పరవాలేదు. దూకించడానికి మాత్రం లోతుగా వదులు చేసి ఇసుక పరిచిన చోటు కావాలి. ఇసుక లేకపోతే ఆ కాలంలో దూకించడం మానుకుని నేలకర్రలతో సరిపెట్టుకోవడమే మంచిది, ఎందుకంటే గట్టినేల మీద దిగిన ప్రతిసారీ కాళ్లకు తగిలే దెబ్బను గుర్రం కర్రతోనే ముడిపెట్టి గుర్తుంచుకుంటుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే నెలల్లో పని తెల్లవారకముందే మొదలై ఎండ ఎక్కకముందే ముగియాలి. అలాంటి నెలల్లో ఫ్లాట్‌వర్క్ పాలు ఇంకా పెరుగుతుంది. ప్రణాళిక కాగితం మీద రాసుకున్న పాళ్ల కోసం గుర్రాన్ని వడదెబ్బకు గురిచేయకూడదు.

మరి ఎత్తు ఎప్పుడు పెంచాలి? గాల్లో ఎంత అందంగా దూకిందో చూసి నిర్ణయించకండి. కర్రకు ముందు ఆరు అంగలు, కర్ర తర్వాత ఆరు అంగలు చూడండి. పక్కన నిలబడ్డ శిక్షకుడు వాటి లయను గట్టిగా లెక్కపెట్టాలి. ముందూ వెనకా ఒకే తీరుగా వినిపించాలి, దిగిన తర్వాత గుర్రం పరుగందుకోకుండా, చేతి మీద వాలకుండా, తల ఎగరేయకుండా అదే కాంటర్‌లో వలయంలోకి తిరగాలి. కుడివైపు నుంచి వచ్చినప్పుడూ ఎడమవైపు నుంచి వచ్చినప్పుడూ అంతే. రెండు మూడు వారాల పాటు, వేర్వేరు రోజుల్లో, రౌతు మారినా ఇలాగే ఉంటే కర్రను 10 సెంటీమీటర్లు పెంచవచ్చు. కొత్త ఎత్తులో ముందరి అంగల లయ చెదిరిందా, మర్నాడు మళ్లీ నేల మీది కర్రలే.